బిళ్ళను కాదు, బ్రాకెట్లను చూడండి: 1958 నాప్కో షెవర్లే పికప్ కొనొచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అయిడహోలో ఉంటున్నారు. దగ్గర్లో ఒక పశువుల రైతు దగ్గర 1958 షెవర్లే అపాచి 36 పికప్ అమ్మకానికి ఉంది. ముందు మడ్‌గార్డు మీద "నాప్కో ఫోర్‌వీల్ డ్రైవ్" అన్న బిళ్ళ ఉంది (నాప్కో అంటే మామూలు పికప్‌ను నాలుగు చక్రాలూ లాగేలా మార్చే కిట్టు అమ్మిన పాత కంపెనీ). ఇంజను పట్టేసింది. మామూలు టూవీల్ డ్రైవ్ అపాచికి రెండింతలు చెబుతున్నాడు. అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, వారాంతాల్లో మాత్రమే ఖాళీ ఉండే మనిషి దాన్ని బాగు చేసుకోగలడా, ఆ పాత ఇరుసులు తీసేసి కొత్తవి వేసుకుంటే సుఖం కాదా?

ముందే చెప్పేస్తున్నాను. కొనొచ్చు, కానీ కింద పడుకుని చూసిన తర్వాతే. ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె), ఆ ట్రాన్స్‌ఫర్ కేసును చాసీకి వేలాడదీసే బ్రాకెట్లు, రెండు గేరు కర్రలు, మూడు షాఫ్టులు: ఇవన్నీ ఉంటే ఇంజను పట్టేసినా రెండింతల ధరలో తప్పులేదు. వీటిలో సగం లేకపోతే సగం ధరకు కూడా వద్దు. ఇరుసులు మార్చే సంగతి కింద రాస్తాను గానీ నా మాట "వద్దు" అనే.

నేనెవరో చెప్పాలి కదా. కొలరాడోలో ఉంటాను, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఈ పదిహేడేళ్లలో మూడు నాప్కో బండ్లు విప్పి కట్టాను: ఒక 1956 జీఎంసీ, ఒక 1957 షెవర్లే 3100, మీరు చూసినలాంటిదే ఒక అపాచి 36. పానా పట్టడం మాత్రం అమెరికాలో నేర్చుకోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్నకు హౌసింగులు (ఇరుసు పెట్టెలు), గేర్‌బాక్సులు విప్పే షెడ్డు ఉండేది. ఇంటర్ సెలవులన్నీ కిరసనాయిలులో బేరింగులు కడుగుతూ గడిపాను. అక్కడికి వచ్చే విల్లీస్, మహీంద్రా జీపుల ముందు హౌసింగు తెలిసినవాడికి నాప్కో కొత్త వింతేమీ కాదు. కొంచెం లావు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. 1950ల మొదట్లో షెవర్లే, ఫోర్డ్ కంపెనీలు తమ పికప్‌లకు ఫోర్‌వీల్ డ్రైవ్ సొంతంగా అమ్మేవి కావు. కావాలన్న రైతు విల్లీస్ కొనుక్కోవాలి, లేదా యుద్ధపు లారీల నుంచి పుట్టిన డాడ్జ్ పవర్ వ్యాగన్ కొనుక్కోవాలి. లేదంటే మామూలు పికప్ కొని మార్పించుకోవాలి. ఆ మార్పించే పనిలో మినియాపొలిస్‌లోని నార్త్‌వెస్టర్న్ ఆటో పార్ట్స్ కంపెనీ పేరు తెచ్చుకుంది. ఆ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలే నాప్కో. వాళ్లు "పవర్-ప్యాక్" అని ఒక కిట్టు అమ్మేవాళ్లు: ముందు ఇరుసు, రెండు స్పీడ్ల ట్రాన్స్‌ఫర్ కేస్, షాఫ్టులు, బ్రాకెట్లు, కర్రలు. బండి ధరలో సగం దాటేంత ఖర్చు. అయినా కొండల్లో, మంచులో, బురదలో పనిచేసేవాళ్లు కొన్నారు. 1956లో జీఎంసీ, 1957లో షెవర్లే ఆ కిట్టునే ఫ్యాక్టరీ నుంచి బిగించి ఇవ్వడం మొదలుపెట్టాయి. షెవర్లే కాగితాల్లో దాని ఆప్షన్ నంబరు 690. 1959 వరకూ అలా నడిచింది. 1960 మోడల్‌తో జనరల్ మోటార్స్ తన సొంత ఫోర్‌వీల్ డ్రైవ్ తెచ్చుకుంది. అక్కడితో నాప్కో కథ దాదాపు ముగిసింది.

అంటే మీ 1958 బండికి మూడు రకాల జాతకాలు ఉండొచ్చు. ఫ్యాక్టరీలోనే బిగించి ఉండొచ్చు. కొన్న ఊళ్లో డీలరు బిగించి ఉండొచ్చు. లేదా పదేళ్ల తర్వాత ఇంకో బండి నుంచి విప్పి దీనికి వేసి ఉండొచ్చు. ఈ మూడోది మోసం అనుకోకండి. నాప్కో వాళ్లే ఈ కిట్టును అలా అమ్మారు: బండి అరిగిపోతే కిట్టు విప్పుకుని కొత్త బండికి వేసుకోవచ్చని. చాసీని కోయకుండా, కొద్దిపాటి రంధ్రాలు వేసి బోల్టులతో బిగించేలా తయారుచేసింది అందుకే. మన దగ్గర పాత లారీ ఇంజను తీసి పడవకో, నీళ్ల మోటారుకో పెట్టుకోలేదా? అలాంటిదే.

అందుకని "ఇది అసలుదేనా?" అన్న ప్రశ్నను రెండుగా విడగొట్టుకోండి. కిట్టు అసలుదా అన్నది ఒకటి. అది పుట్టుకతోనే ఈ బండిదా అన్నది రెండోది. మొదటి దానికి జవాబు బండి కిందే ఉంటుంది. రెండోదానికి కాగితాలు కావాలి, అవి పది బండ్లలో ఒకదానికి కూడా దొరకవు. అమ్మేవాడు కాగితం లేకుండా "ఫ్యాక్టరీ బండి" అంటూ అదనంగా అడిగితే, ఆ అదనం ఇవ్వకండి. మిగతాది ఇవ్వండి.

బిళ్ళ సంగతి: దాన్ని మర్చిపోండి. కొత్తగా పోతపోసిన బిళ్ళలు ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండు రంధ్రాలు వేస్తే సరి. నేను చూసిన ఒక బండికి రెండు వైపులా మెరిసే బిళ్ళలు ఉన్నాయి, కింద ముందు ఇరుసే లేదు.

ఇక కింద పడుకుని ఏం చూడాలి.

మొదట చక్రాల బోల్టులు లెక్కపెట్టండి. నవ్వకండి, చెబుతాను. షెవర్లేలో అర టన్ను బండికి (3100, అంటే అపాచి 31) చక్రానికి ఆరు బోల్టులు. మీ 36 ముప్పావు టన్ను, దానికి ఎనిమిది. ముందు ఆరు, వెనక ఎనిమిది ఉన్నాయంటే రెండు వేర్వేరు బండ్ల కిట్టు కలిసిందని అర్థం. చూపుకు అదొక్కటే తేడా, అసలు గొడవ లోపల ఉంటుంది. అర టన్ను వెనక ఇరుసులో నిష్పత్తి (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) 3.90, ముప్పావు టన్నులో 4.57. ముందు ఒకటి, వెనక ఒకటి అయితే ఫోర్‌వీల్ వేసిన క్షణం నుంచి రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. బురదలో టైర్లు జారి సర్దుకుంటాయి గనక తెలియదు. గట్టి నేల మీద ఏదో ఒకటి విరుగుతుంది.

నా రెండో బండి ఇలాంటిదే. అమ్మినాయన మంచివాడే, అబద్ధం చెప్పలేదు: "మంచులో బాగానే పోయేది" అన్నాడు. పోతుంది మరి, మంచు కదా. ఇంటికి తెచ్చాక ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పితే ఒక గేరు పళ్ళు సగం లేవు.

బోల్టులు సమానంగా ఉన్నా నిష్పత్తి లెక్కపెట్టుకోండి, పది నిమిషాల పని. బండి కదలకుండా చక్రాల కింద గట్టిగా అడ్డాలు పెట్టి, స్టాండు మీద వెనక ఒక్క చక్రమే లేపండి, రెండోది నేల మీదే ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వదిలేసి, గేర్‌బాక్సు న్యూట్రల్‌లో పెట్టండి. షాఫ్టు మీద సుద్దతో ఒక గీత గీయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. నాలుగుకు కొంచెం తక్కువైతే 3.90, నాలుగున్నర దాటితే 4.57. ఒక చక్రం నేల మీద ఆగిపోయి ఉంది కాబట్టి డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) రెండో చక్రాన్ని రెట్టింపు తిప్పుతుంది, అందుకే రెండు చుట్లు. ముందు ఇరుసుకూ ఇదే పద్ధతి, కాకపోతే ట్రాన్స్‌ఫర్ కేసును టూవీల్‌లో ఉంచాలి. చక్రాల మధ్యలో తిప్పే లాకింగ్ హబ్బులు (చక్రాన్ని ఇరుసుతో కలిపేవి, విడదీసేవి) ఉంటే వాటిని లాక్ చేయాలి. ఆ హబ్బులు చాలా బండ్లకు యజమానులు తర్వాత వేసుకున్నవి. అవి ఉంటే లోపం కాదు, సుఖమే.

రెండోది ట్రాన్స్‌ఫర్ కేస్. ఇది గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు. గేర్‌బాక్సు వెనక ఒక పొట్టి షాఫ్టు, ఆ తర్వాత విడిగా చాసీ మధ్యలో రబ్బరు దిమ్మల మీద వేలాడుతూ ట్రాన్స్‌ఫర్ కేస్. స్పైసర్ 23 అనే రకం, ఇంకా కొన్ని ఇతర కంపెనీల బండ్లలోనూ వాడారు కాబట్టి బేరింగులు, సీళ్ళు దొరుకుతాయి. దొరకనివి దాన్ని మోసే బ్రాకెట్లు. నాప్కో బండిలో బంగారం ఎక్కడుందంటే అక్కడే. బ్రాకెట్లు పోయి, ఎవరో ఇంటి దగ్గర యాంగిల్ ముక్కలు వెల్డింగు చేసి వేలాడదీసి ఉంటే, కొత్తవి చేయించడానికి కొలతలు మరో బండి నుంచి తీసుకోవాలి. ఆ మరో బండి యజమానిని వెతకడానికి నాకు ఏడాది పట్టింది. చాసీ మీద రంధ్రాలు కూడా చూడండి. డ్రిల్లుతో వేసినవి గుండ్రంగా, అంచులు శుభ్రంగా ఉంటాయి. గ్యాసు కట్టర్‌తో కాల్చినవి వంకరగా, అంచులు కరిగి ఉంటాయి. కాల్చిన రంధ్రం చుట్టూ పగుళ్ళు వెతకండి.

మూడోది, అందరూ తేలిగ్గా తీసుకునేది, ముందు ఇరుసు రెండు చివర్ల ఉండే ఉక్కు గుండ్లు. జీపు ముందు చక్రం వెనక చూసి ఉంటారు, నున్నటి అర్ధగోళం, దాని మీద చక్రం తిరుగుతుంది. లోపల శక్తిని వంచి చక్రానికి పంపే జాయింటు ఉంటుంది. గుండు చుట్టూ ఫెల్టు, రబ్బరు సీలు గుండును తుడుస్తూ గ్రీజును లోపల, మట్టిని బయట ఉంచుతాయి. బండి ముప్పై ఏళ్ళు గడ్డిలో నిలబడితే గుండు మీద తుప్పు పట్టి గుంటలు పడతాయి. ఆ గుంటల మీదుగా కొత్త సీలు వేస్తే వారంలో చిరుగుతుంది, గ్రీజు కారుతుంది, నీళ్ళు లోపలికి పోతాయి, జాయింటు పోతుంది. నేను మొదటి బండికి మూడుసార్లు సీళ్ళు మార్చాక గానీ తప్పు సీళ్ళది కాదని అర్థం కాలేదు. మంచి పద్ధతి: గుండును నున్నగా శుభ్రం చేసి, గుంటల్లో లోహపు ఎపాక్సీ నింపి, సన్నని ఎమరీ కాగితంతో గోరు తగలనంత నున్నగా రుద్దండి. రెండు సాయంత్రాల పని. నా బండి అలా చేశాక ఆరేళ్ళయింది, ఇప్పటికీ పొడిగా ఉంది.

ఆ గుండు పైనా కిందా చక్రం పక్కకు తిరిగేందుకు కింగ్ పిన్ను బేరింగులు ఉంటాయి. వాటి బిగువును పై మూత కింద పెట్టే సన్నని రేకులతో, అంటే షిమ్ములతో, సరిచేయాలి. వదులైతే గుంటలో పడ్డాక స్టీరింగు రెండు చేతుల్లో గిలగిల కొట్టుకుంటుంది. మరీ బిగువైతే మలుపు తిరిగాక చక్రం దానంతట అది తిన్నగా రాదు. టై రాడ్డు విప్పేసి, సీళ్ళు వేయకముందే, స్టీరింగు ఆర్ముకు (చక్రాన్ని పక్కకు తిప్పే ఇనుప చేతికి) చేపలు తూచే స్ప్రింగు త్రాసు తగిలించి లాగండి. కదలడం మొదలయ్యాక ఎంత చూపిస్తోందో రెండు వైపులా సమానంగా ఉండాలి. ఎంత ఉండాలన్నది మాన్యువల్లో ఉంటుంది. త్రాసు లేకుండా "చేత్తో చూశాను, బాగానే ఉంది" అనే వాళ్ళను నమ్మకండి. నేనూ ఒకప్పుడు అలా అన్నవాణ్ణే.

షాఫ్టుల దగ్గర ఒక్క హెచ్చరిక. జారే షాఫ్టు విప్పేముందు రెండు ముక్కల మీదా సుద్ద గీత పెట్టండి. రెండు చివర్ల క్రాసు యోకులు (షాఫ్టు వంగే జాయింట్లను పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి. నేను ఒక పన్ను అటూ ఇటూ చేసి కూర్చాను. నలభై మైళ్ల వేగం దాటగానే క్యాబిన్ అంతా ఇసుక మిక్సరులా వణికింది. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, ఇంజను మౌంట్లు మార్చాను, బేరింగు మార్చాను. డబ్బులు పోయాక మా పెదనాన్నకు వీడియో కాల్ చేసి చూపిస్తే, ఆయన మంచం మీద నుంచి లేవకుండానే "క్రాసులు ఎదురెదురుగా పెట్టావురా" అన్నారు.

ఇంజను గురించి మీరు భయపడుతున్నారు గానీ దానికంత భయం వద్దు. చాలావరకు అది 235 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్లది. లక్షల్లో తయారైంది, పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు అన్నీ దొరుకుతాయి. ప్లగ్గుల రంధ్రాల్లో నూనె పోసి రెండు మూడు వారాలు వదిలేసి, ఫ్లైవీలు పళ్ళ దగ్గర బారుతో కొంచెం కొంచెం కదిలించి చూడండి. సెల్ఫు కొట్టొద్దు. తిరిగితే అదృష్టం, తిరగకపోతే విప్పడమే. జీఎంసీ వీ8 బండి అయితే మాత్రం కొంచెం ఆలోచించమనేవాణ్ణి. ఆ ఏళ్ళలో జీఎంసీ వీ8 లోపల పాంటియాక్ ఇంజను, విడిభాగాల ఖర్చు వేరు.

రిపేరులో నిజమైన ఖర్చు క్యాబిన్ తుప్పుది, కాకపోతే ఇదంతా మామూలు షెవర్లే తుప్పు. క్యాబిన్ వెనక మూలలు, మెట్టు కింద పెట్టెలు, క్యాబిన్ చాసీ మీద కూర్చునే చోట్లు, కాళ్ళ దగ్గర పక్క రేకులు. మాగ్నెట్ పట్టుకెళ్ళండి. అంటుకోని చోట లప్పం దిట్టంగా ఉందన్న మాట. ఈ రేకులన్నీ కొత్తవి అమ్ముతారు, అందుకే నేను వీటికి ధర ఎక్కువ తగ్గించను. డెంటింగ్ మీరే నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. పాత రంగులో సీసం, పాత బ్రేక్ షూలలో, క్లచ్ ప్లేటులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని గాలితో ఊదకండి, పొడిగా రుద్దకండి. తడి గుడ్డతో తుడిచి సంచిలో కట్టేయండి. ఇంట్లో పిల్లలుంటే పని బట్టలు షెడ్డులోనే విప్పేయండి.

బ్రేకులది ఒకే సర్క్యూట్. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రిస్టోరేషన్‌లో నేను అసలుదనాన్ని పక్కన పెట్టే ఒకే ఒక్క చోటు ఇదే: రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వేస్తాను. పాతది శుభ్రం చేసి డబ్బాలో దాస్తాను. పోటీల్లో జడ్జీలు మార్కులు తగ్గిస్తే తగ్గించనీయండి.

నూనెలు: గేర్‌బాక్సు నాలుగు స్పీడ్ల ఎస్‌ఎం420 అయితే (మీ బండికి అదే అయి ఉంటుంది) అందులో జీఎల్-5 (గేరు నూనెల్లో ఒక గ్రేడు) నూనె పోయకండి. అందులోని గంధకపు మందు లోపలి ఇత్తడి సింక్రో రింగులను తినేస్తుంది. జీఎల్-4 పోయండి. జీఎల్-5 వెనక హౌసింగుకు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. "పాత ఇరుసులు తీసి కొత్తవి, ముందు డిస్కు బ్రేకులవి, పవర్ స్టీరింగుతో వేసుకుంటే?" వేసుకోవచ్చు. 1970ల, 80ల షెవర్లే ఫోర్‌వీల్ చాసీ మీద ఈ క్యాబిన్‌ను కూర్చోబెట్టేవాళ్ళు బోలెడుమంది. అలా చేసిన బండ్లు హాయిగా నడుస్తాయి, నేను వాళ్ళను తిట్టను. కానీ అందుకు నాప్కో బండి ఎందుకు? సగం ధరకు టూవీల్ డ్రైవ్ అపాచి దొరుకుతుంది కదా, దాంతో చేయండి. రెండింతలు పెట్టి కొన్నది ఆ పాత ఇరుసునే, ఆ వేలాడే ట్రాన్స్‌ఫర్ కేసునే. వాటిని తీసి మూల పడేశాక మీ దగ్గర మిగిలేది మళ్ళీ సగం ధర బండి.

నడపడం గురించి ముందే తెలుసుకుని కొనండి. ఈ బండికి ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. పొడి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిరిగితే గేర్లు బిగుసుకుపోతాయి, కర్ర వెనక్కి రాదు. రివర్సులో కొంచెం తిన్నగా వస్తే వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. 4.57 నిష్పత్తితో, ముప్పై అంగుళాల టైరుతో, గంటకు 55 మైళ్ళ దగ్గర ఇంజను 2,800 చుట్లు తిరుగుతుంది. అదే దాని ఇష్టమైన పై వేగం. హైవే మీద 75కి పోయేవాళ్ళు హారను కొడతారు, కొట్టనీయండి.

అదే బండిని కొండ దారిలో మొదటి గేరులో వేయండి. ఎస్‌ఎం420 మొదటి గేరు 7.05. దాన్ని 4.57తో గుణిస్తే 32 దాటింది. యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే, ఐడ్లింగులోనే, గంటకు ఒకటిన్నర మైలు. ఇది ఇంకా ట్రాన్స్‌ఫర్ కేసులో లో-రేంజి వేయకముందు లెక్క. మా ఆవిడ ఒకసారి పక్కనే నడుస్తూ వచ్చింది, మధ్యమధ్య ఆగి మాకోసం ఎదురుచూసింది. దుక్కి దున్నే ఎద్దుల నడక అది. ఆ నడకకోసమే నేను ఈ బండ్లు కడతాను, దాచుకోవడం దేనికి.

చూపుకు కూడా ఈ బండిలో ఒక ముచ్చట ఉంది. పై సగం 1950ల పట్నం సోకు: చుట్టూ వంగిన ముందు అద్దం, 1958లో కొత్తగా వచ్చిన నాలుగు హెడ్‌లైట్లు, బానెట్ మీద క్రోమ్. కింద సగం పల్లెటూరి కూలీ: సన్నని ఎత్తైన టైర్లు, బయటికి పొడుచుకొచ్చిన హౌసింగు పొట్ట, కమాన్ కట్టలు. పెళ్ళి కోటు వేసుకుని పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టినట్టుంటుంది. ఈ మధ్య చాలామంది దీన్ని ఇంకో నాలుగంగుళాలు లేపి లావు టైర్లు వేస్తున్నారు. నాకు అది నచ్చదు. సన్నని టైరు మంచును కోసుకుని నేలను పట్టుకుంటుంది, లావు టైరు పైన తేలుతుంది. నచ్చకపోవడానికి అసలు కారణం మాత్రం అది కాదు, అలా చేస్తే ఆ పంచెకట్టు పోతుంది.

రంగు? మీ బండికి పాత రంగు సగమైనా ఉంటే వేయించకండి. తలుపు మీద పాత ఫార్ము పేరు చేత్తో రాసి ఉందన్నారు. దాన్ని ముట్టుకోవద్దు. నేను నా అపాచికి తలుపు మీది పేరు చెరిపేసి మెరిసే ఎరుపు వేయించాను, మొదటి బండి మోజు. అది ఎవరి పొలంలో ఏం మోసిందో చెప్పే ఒక్క కాగితం ఆ తలుపే అని తర్వాత తెలిసింది. ఆ పేరు ఫొటో కూడా తీసుకోలేదు.

ఒకవేళ ఈ బేరం కుదరకపోతే, ఇలాంటి మార్పు బండ్లలో నాప్కో ఒక్కటే లేదు. ఇండియానాపొలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ 1930ల మధ్య నుంచే ఫోర్డ్ ట్రక్కులను ఫోర్‌వీల్‌కు మార్చేది. ఫోర్డ్ సొంతంగా ఫోర్‌వీల్ పికప్ తెచ్చింది 1959లో గనక, అంతకు ముందరి ఫోర్డ్ ఫోర్‌వీల్ కనిపిస్తే దాదాపుగా అది ఎవరో బయటివాళ్ళు మార్చినదే. అవి ఇంకా అరుదు, ఇంకా ఖరీదు. విడిభాగాల కోసం పడే తిప్పలు కూడా ఎక్కువే. మొదటి బండిగా చెప్పను. షెవర్లే కొంటే పాత బండ్లలో 1955కు ముందరి అర టన్ను వాటి జోలికి పోకండి. 1954 దాకా వాటి వెనక షాఫ్టు ఒక మూసిన గొట్టంలో తిరుగుతుంది. దాన్ని తెరిచిన షాఫ్టుగా మార్చకుండా ఈ కిట్టు కూర్చోదు, ఆ మార్పు ఎవరు ఎలా చేశారో దేవుడికే తెలియాలి. పైగా వాటి కరెంటు 6 వోల్టులు.

సమయం లెక్క అడిగారు. వారాంతాల్లో మాత్రమే చేస్తే, కిట్టు పూర్తిగా ఉన్న బండికి నాకు రెండున్నరేళ్ళు పట్టింది. బ్రాకెట్లు లేనిదానికి ఐదేళ్ళు. రెండింటికీ ఇంజను పని నాలుగు నెలలు దాటలేదు.

శనివారం వెళ్తున్నానన్నారు. టార్చిలైటు, మాగ్నెట్, సుద్దముక్క, ఒక జాకీ, రెండు స్టాండ్లు, నాలుగు అడ్డాలు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి పట్టుకెళ్ళండి. ట్రాన్స్‌ఫర్ కేసును రెండు పక్కల నుంచీ, ముందు గుండ్లను చక్రాలు పూర్తిగా ఒక వైపు తిప్పినప్పుడు, చాసీ మీద బ్రాకెట్ల బోల్టులు దగ్గరగా: ఈ ఫొటోలు ఇక్కడ పెట్టండి. ధర మాట్లాడకముందే పెట్టండి, సాయంత్రానికి చూసి చెబుతాను.